కాక్ తిప్పినా చుక్క రాకపోతే

చిరంజీవికి,

చిన్న మెరైన్ డీజిల్ ఇంజిన్ (బోటు ఇంజిన్) నుంచి పాత కూలెంట్, అంటే దాన్ని చల్లబరిచే ద్రవం, తీసేయడం గురించి నువ్వు పంపిన వ్యాసం తీరిగ్గా చదివాను. వాక్యాలు శుభ్రంగా ఉన్నాయి, చెప్పిన విషయాల్లో పెద్ద తప్పులేమీ లేవు. అయినా ఇప్పుడే బయటపెట్టొద్దంటాను. నీ వ్యాసంలో మొదటినుంచి చివరిదాకా అన్నీ సవ్యంగా జరిగిపోతున్నాయి. నాకు నచ్చనిది అదే.

"బ్లాక్ పక్కనున్న డ్రెయిన్ కాక్ తిప్పండి, కూలెంట్ బయటికి వస్తుంది" అని రాశావు. డ్రెయిన్ కాక్ అంటే ద్రవం బయటికి వదిలే చిన్న కుళాయి, బ్లాక్ అంటే ఇంజిన్ ప్రధాన భాగం. వస్తే మంచిదే. కానీ ఆ మాట చదివే మనిషి ఎలాంటి చోట ఉంటాడో ఒక్కసారి ఊహించు. ఇంజిన్ గది మూత ఎత్తి, ఒక భుజం లోపలికి దూర్చి, కంటికి కనపడని కాక్ కోసం వేళ్లతో తడుముతుంటాడు. చివరికి దొరుకుతుంది. తిప్పుతాడు. చుక్క రాదు. నీ వ్యాసం వైపు చూస్తే, తరవాతి వాక్యం "పూర్తిగా కారిపోయాక కాక్ బిగించండి" అని ఉంటుంది. అక్కడ అతనికి టెన్షన్ మొదలవుతుంది. టెన్షన్ పడేవాడు ఇంకా నయం. కూలెంట్ ముందే ఖాళీ అయిపోయిందేమో అనుకుని కాక్ బిగించేసేవాడి సంగతి ఆలోచించు.

కాబట్టి పని తనంతట తాను సాగేచోట ఒక్క వాక్యంతో సరిపెట్టు. మొరాయించేచోట ఆగి రాయి. ఈ పనిలో అలాంటి చోట్లు చాలానే ఉన్నాయి.

చుక్క రాకపోతే ముందు చూడాల్సింది పైనున్న ప్రెషర్ క్యాప్, అంటే కూలెంట్ పోసే చోటి బిగుతు మూత. అది బిగించి ఉంటే లోపలికి గాలి పోదు. స్ట్రా పైకొసను వేలితో మూస్తే అందులోని నీళ్లు ఎలా నిలబడిపోతాయో ఇక్కడా అంతే. క్యాప్ తీయమని నువ్వూ రాశావు గానీ కాక్ తిప్పిన తరవాత ఎక్కడో రాశావు. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే క్యాప్ తీయాలన్న హెచ్చరికనైతే అన్నిటికంటే చివర, "జాగ్రత్తలు" అనే శీర్షిక కింద పెట్టావు. చదివేవాడు అక్కడికి చేరేసరికి క్యాప్ చేతిలో ఉంటుంది. సగం నీళ్లు, సగం ఎథిలీన్ గ్లైకాల్ కలిపిన కూలెంట్ మామూలు పీడనంలో దాదాపు 107 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. క్యాప్ పట్టి ఉంచే పీడనం ఆ అంకెను ఇంకా పైకి నెడుతుంది. వేడిమీద క్యాప్ తీస్తే పీడనం ఒక్కసారిగా పడిపోయి, అంతవరకు మరగకుండా ఉన్నది ఆ క్షణంలోనే మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. హెచ్చరిక ఎప్పుడూ పనికంటే ఒక అడుగు ముందుండాలి. విడిగా పెట్టెలో కట్టి వెనక పడేస్తే దాన్ని ఎవరూ చదవరు.

క్యాప్ తీసినా రాలేదనుకో. డ్రెయిన్ కాక్ ఉండేది కిందిభాగంలో కాబట్టి తుప్పు, మడ్డి అంతా అక్కడికే చేరుతుంది. సన్నని మెత్తటి తీగతో మెల్లగా పొడవమని రాయి. అప్పటికీ రాకపోతే కాక్‌నే విప్పి తీయాలి. రెండు సందర్భాల్లోనూ అడ్డం తొలగగానే కూలెంట్ ఒక్కసారిగా దూకుతుందని, కింద ట్రే ముందే పెట్టుకోవాలని చెప్పు. ట్రే పట్టే సందు చాలా బోట్లలో ఉండదు. అలాంటప్పుడు కాక్ మూతికి సరిపడే ట్యూబ్ తొడిగి, దాని రెండో కొసను డబ్బాలో పెట్టడమే దారి. కూలెంట్ బిల్జ్‌లో, అంటే నీళ్లు చేరే బోటు అడుగుభాగంలో పడితే ఆటోమేటిక్ పంపు ఎవరినీ అడగకుండా దాన్ని బోటు బయటి నీళ్లలోకి తోసేస్తుంది. అది విషం, ఆ నీళ్లలో కలవకూడదు.

ఇక నీ వ్యాసంలో అసలే లేనిది: ఎంత వచ్చిందో కొలవడం. మాన్యువల్‌లో కూలింగ్ సిస్టమ్ ఎన్ని లీటర్లు పడుతుందో ఉంటుంది. డబ్బాలోకి వచ్చినదాన్ని ఆ అంకెతో పోల్చమను. మాన్యువల్ 3 లీటర్లు అంటే, వచ్చింది 2 లీటర్లే అయితే, మిగతా లీటరు ఎక్కడో ఉన్నట్టే కదా. ధార ఆగిపోవడం ఖాళీ అయిందనడానికి రుజువు కాదు. ఆ మిగిలింది ఎక్కడ దాక్కుంటుందో నిదానంగా రాయి, పేజీ పెరిగినా ఫర్వాలేదు. చాలా బోట్లలో షాఫ్ట్ ప్రొపెల్లర్ వైపు కిందికి వాలుతుంది, దాంతోపాటు ఇంజిన్ కూడా వెనక్కి వాలి ఉంటుంది. కాక్ ముందువైపు ఉంటే వెనక భాగంలో కొంత నిలిచిపోతుంది. చాలా ఇంజిన్లలో సముద్రపు నీటితో కూలెంట్‌ను చల్లబరిచే హీట్ ఎక్స్ఛేంజర్‌కో, పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కో వేరే డ్రెయిన్ ఉంటుంది. బోటులో వేడినీళ్ల ట్యాంకు ఉంటే, దానికి వెళ్లే గొట్టాల్లో కూడా ఇదే కూలెంట్ తిరుగుతుంది. వేడికి పొంగిన కూలెంట్ చేరే ఎక్స్‌పాన్షన్ బాటిల్‌ను అందరూ మర్చిపోతారు. పాతది మిగిలిపోతే కొత్తదాని పాళ్లు తప్పుతాయి. రకం మారుస్తుంటే అది ఇంకా ఇబ్బంది, కొన్ని రకాలు ఒకదానితో ఒకటి కలిస్తే జిగురుగా మారే ప్రమాదం ఉంది. రంగు చూసి రకం తేల్చుకోవచ్చన్న నీ వాక్యం కొట్టేయ్. రంగు కంపెనీ ఇష్టం.

సముద్రపు నీటి సంగతి మొదటి పేరాలోనే తేల్చు. కొన్ని చిన్న ఇంజిన్లు నేరుగా సముద్రపు నీటితోనే చల్లబడతాయి, వాటిలో కూలెంటే ఉండదు. మిగతావాటిలో కూలెంట్, సముద్రపు నీరు అనే రెండు ప్రవాహాలు హీట్ ఎక్స్ఛేంజర్‌లో పక్కపక్కనే నడుస్తాయి. పొరపాటున సముద్రపు నీటివైపు విప్పితే, సీకాక్ (సముద్రపు నీటిని బోటులోకి తెచ్చే కుళాయి) మూసి లేకపోతే, ఇంజిన్ నీటిమట్టానికి కిందున్న బోట్లోకి సముద్రం వచ్చి కూర్చుంటుంది. వచ్చింది ఏ నీరో తెలుసుకోవడానికి నాలుకకు తగిలించి చూసే మహానుభావులున్నారు. ఎథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, ప్రాణం తీస్తుంది. పెంపుడు జంతువులు తాగేది కూడా ఆ తీపి వల్లే. కాబట్టి డబ్బాకు మూత పెట్టమని, పాత కూలెంట్‌ను ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇమ్మని ఒక్క వాక్యం చేర్చు.

"ఇంజిన్‌కు ఎడమవైపు" అని మూడునాలుగు చోట్ల రాశావు. ఎవరి ఎడమ? మెట్లు దిగి ఇంజిన్ ముందు కూర్చున్నవాడి ఎడమ వేరు, బోటు నడిపేవాడి ఎడమ వేరు. దిక్కులు వదిలేసి ఇంజిన్ భాగాలతోనే చెప్పు: స్టార్టర్ మోటార్ కింద, ఆయిల్ ఫిల్టర్ వెనక. ఫొటోలు కూడా మార్చాలి. నీ ఫొటోల్లో ఇంజిన్ బల్ల మీద నాలుగువైపులా వెలుతురులో మెరిసిపోతోంది. చదివేవాడికి దాని ఒక మూలే కనిపిస్తుంది. చెయ్యి దూరే సందులోంచి ఒక్క ఫొటో తియ్యి, మసగ్గా ఉన్నా అదే ఎక్కువ పనికొస్తుంది.

కొత్త కూలెంట్ నింపడం గురించి చివర నాలుగు వాక్యాలు అతికించావు. తీసెయ్. లోపల చిక్కుకున్న గాలిని బయటికి పంపడం ఒక్కటే ఒక వ్యాసానికి సరిపోతుంది, తరవాత రాయి. ఈ వ్యాసానికి మాత్రం రెండు పనులు కావాలి. తెరిచిన కాక్‌లన్నీ మూశాక కూడా, నింపి చూసేదాకా ట్రే కిందే ఉండాలి. విప్పిన క్యాప్‌ను, ఇంజిన్ తాళాన్ని ఒకే చోట పెట్టుకోవాలి, ఖాళీ ఇంజిన్‌ను ఎవరూ స్టార్ట్ చేయకుండా.

సరిచేసిన ప్రతి పంపేటప్పుడు ఏ మోడల్ ఇంజిన్ చూసి రాశావో మొదట్లోనే రాయి. ఈ ప్రతిలో అదెక్కడా లేదు.

ఆశీస్సులతో.