మూడుసార్లు ఫెయిల్ చేశారు, కారణం చెప్పలేదు. ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: కారుకు ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు) తీసుకుని మూడుసార్లు డ్రైవింగ్ టెస్టుకు వెళ్లాను. మూడుసార్లూ ఫెయిల్ అన్నారు. ఎక్కడ తప్పు చేశానో చెప్పలేదు. డబ్బిస్తే పని చేయిస్తానని ఒక ఏజెంటు వెంటపడుతున్నాడు. ఎల్‌ఎల్‌ఆర్ గడువు వచ్చే నెలతో అయిపోతుంది. చాలా టెన్షన్‌గా ఉంది. అధికారి మీద కోర్టులో కేసు వేయవచ్చా? ఈలోగా ఆఫీసుకు కారులో ఒక్కడినే వెళ్లవచ్చా?

జవాబు: ముందు ఏజెంటు సంగతి. అతనికి పైసా ఇవ్వకండి. 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించాక లంచం తీసుకోవడమే కాదు, ఇవ్వడమూ నేరమే. బలవంతం మీద ఇవ్వాల్సి వచ్చినవారు ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేస్తే వారికి రక్షణ ఉంది. మీరింకా ఇవ్వలేదు కాబట్టి నేరుగా ఏసీబీకి (అవినీతి నిరోధక శాఖకు) చెప్పండి. అధికారితో పని చేయిస్తానని డబ్బు గుంజే మధ్యవర్తికి కూడా ఆ చట్టంలో శిక్ష ఉంది.

ఇక కేసు. ఇప్పుడే కోర్టుకు వెళ్లమని నేను చెప్పను. మీరు రివర్స్ సరిగ్గా తీశారా, ట్రాక్ గీత తొక్కారా అన్నది జడ్జిగారు తేల్చే విషయం కాదు. కానీ కారణం తెలుసుకునే హక్కు మీకుంది, దాన్ని మాత్రం వదులుకోవద్దు. లైసెన్సు నిరాకరిస్తే కారణాలు రాసిన ఉత్తర్వు ఇవ్వాలని 1988 మోటారు వాహనాల చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. అది మీకు అందిన రోజు నుంచి 30 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు. ఎవరికి చేయాలో మీ రాష్ట్ర మోటారు వాహనాల నియమాల్లో ఉంటుంది. నోటిమాట మీద అప్పీలు నిలబడదు. అందుకే లైసెన్సింగ్ అధికారికి ఈరోజే ఒక అర్జీ పెట్టండి. మూడు టెస్టుల తేదీలూ రాసి, కారణాలు రాతపూర్వకంగా ఇవ్వమని అడిగి, అందినట్టు ముద్ర వేయించుకోండి. దాంతోపాటు సమాచార హక్కు చట్టం కింద మీ మార్కుల షీటు, ట్రాక్‌లో కెమెరాలుంటే ఆ రోజుల రికార్డింగు కూడా అడగండి. జవాబుకు 30 రోజుల గడువుంది కానీ రికార్డింగులు ఎంతోకాలం దాచరు, ఆలస్యం చేయకండి.

ఒకసారి ఫెయిలైతే ఏడు రోజుల తర్వాత మళ్లీ టెస్టుకు వెళ్లవచ్చు. మూడుసార్లు ఫెయిలైతే మాత్రం చివరి టెస్టు తేదీ నుంచి 60 రోజులు ఆగాలని మోటారు వాహనాల చట్టం 9వ సెక్షన్ నిబంధన. డ్రైవింగ్ స్కూల్లో మళ్లీ శిక్షణ కూడా తీసుకోవాలని 2019 సవరణ చేర్చింది. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలే చెల్లుతుంది కాబట్టి, మీ విషయంలో 60 రోజులు గడిచేలోపే దాని గడువు తీరిపోవచ్చు. అప్పుడు కొత్తది తీసుకోవాల్సిందే. తీసుకున్నాక 30 రోజులు నిండితేనే టెస్టుకు అర్హత వస్తుంది. అందుకని 60 రోజులూ అయ్యాక చూద్దాంలే అనుకోకుండా, పాతది ముగియగానే కొత్త ఎల్‌ఎల్‌ఆర్‌కు దరఖాస్తు చేయండి. నిరీక్షణ కాలం, ఈ 30 రోజులు కలిసి గడిచిపోతాయి.

ఒక్కరే కారు నడపడం మాత్రం వద్దు. ఎల్‌ఎల్‌ఆర్ ఉన్నవారి పక్కన, అవసరమైతే బండిని ఆపగలిగేలా, చెల్లుబాటయ్యే లైసెన్సున్న వ్యక్తి కూర్చోవాలి. బండికి ముందూ వెనకా తెల్లటి పలకపై ఎర్రటి ‘ఎల్’ అక్షరం ఉండాలి. ఇవి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 3వ నియమం షరతులు. ఆ ఎల్‌ఎల్‌ఆర్ గడువు కూడా దాటాక స్టీరింగు పట్టుకుంటే లైసెన్సు లేకుండా నడిపినట్టే, మోటారు వాహనాల చట్టం 181వ సెక్షన్ కింద 5,000 రూపాయల జరిమానా లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. కారు ఇంకొకరిదైతే, తెలిసీ ఇచ్చినందుకు 180వ సెక్షన్ కింద వారూ ఇరుక్కుంటారు. జరిమానా కంటే నాకు ఎక్కువ భయం ప్రమాదం గురించే. లైసెన్సు లేని డ్రైవర్ చేసిన ప్రమాదంలో బీమా కంపెనీ బాధితులకు పరిహారం చెల్లించి, ఆ మొత్తాన్ని కారు యజమాని నుంచి వసూలు చేసుకునేలా ట్రిబ్యునళ్లు ఆదేశించిన సందర్భాలు చాలా ఉన్నాయి.

అర్జీ ఇచ్చాక కూడా కారణాలు చెప్పకపోతే, లేదా అప్పీలును పట్టించుకోకపోతే, అప్పుడు హైకోర్టులో రిట్ పిటిషన్ వేయవచ్చు. మార్కులు మార్చమని కాదు, చట్టం ప్రకారం ఉత్తర్వు ఇవ్వమని ఆదేశించాలని కోరాలి. ముద్ర వేసిన ఆ అర్జీ నకలే అక్కడ మీకు మొదటి ఆధారం.