అధ్యక్షుడిలో ఉన్నది కన్ను

సందేహం: 17వ శతాబ్దపు బ్రిటన్‌లో ప్రొటెస్టంటు సంఘాల మధ్య నడిచిన తగవుల మీద డిగ్రీ విద్యార్థులకు తెలుగులో పాఠం రాస్తున్నాను. 'బిషప్' అన్న మాటకు నా దగ్గరున్న నిఘంటువు 'పీఠాధిపతి' అంటోంది. తెలుగు బైబిలులో 'అధ్యక్షుడు' అని కనిపిస్తోంది. అధ్యక్షుడంటే మా పిల్లలకు పార్టీ అధ్యక్షుడు గుర్తుకొస్తాడు. పీఠాధిపతి అంటే శృంగేరి, కంచి గుర్తుకొస్తాయి. ఏది వాడాలి? సంఘపు పెద్ద అయిన ప్రెస్బిటర్‌ను 'పూజారి' అనవచ్చునా? ఈ సంఘాలను 'మతాలు' అనవచ్చునా?
— ఒక చరిత్ర అధ్యాపకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం: చివరి రెండింటికి జవాబు చిన్నది. వాటిని మతాలు అనకూడదు. అందరిదీ ఒకే మతం, ఒకే గ్రంథం. శాఖలు వేరు, సంఘాలు వేరు. ప్రెస్బిటర్‌ను పూజారి అనడం అంతకన్నా పెద్ద తప్పు. పూజారి అనిపించుకోకూడదనే ఆ మనుషులు అంత పోరాడారు. ఇంగ్లండు, స్కాట్లండు విషయాలు రాసేటప్పుడు మన పత్రికలు కనిపించిన ప్రతి బోధకుణ్ణీ 'చర్చి పూజారి' అనో 'ఫాదర్' అనో రాసేస్తున్నాయి. ఎవరు ఏ సంఘం వారో కనుక్కోవడానికి పట్టే అయిదు నిమిషాలు కూడా పెట్టరు. మీరు అడిగి తెలుసుకుంటున్నందుకు సంతోషం.

మొదటి ప్రశ్న ఒక్క మాటతో తేలదు. మీరు పాఠం రాస్తున్న తగవే ఈ మాట మీద నడిచింది. బిషప్, ప్రెస్బిటర్ ఇద్దరా, ఒకరేనా? ఈ ప్రశ్న తేలకే 1640లో స్కాట్లండు సైన్యం సరిహద్దు దాటి వచ్చి న్యూకాసిల్ పట్టుకుంది. కాబట్టి ముందు మాటల సంగతి చూద్దాం.

గ్రీకులో ఆ మాట 'ఎపిస్కోపోస్'. 'ఎపి' అంటే పైన, 'స్కోపోస్' అంటే చూసేవాడు. పైనుండి చూసుకొనేవాడు అని అర్థం. అదే నాలుకల మీద అరిగి అరిగి ఇంగ్లీషులో బిషప్ అయింది. మన 'అధ్యక్ష' శబ్దం చూడండి. అధి అంటే పైన, అక్షి అంటే కన్ను. సమాసం చివర అక్షి 'అక్ష' అవుతుంది. పైన కన్ను వేసి ఉంచినవాడు అధ్యక్షుడు. గ్రీకు మాటకు ఇంత అచ్చంగా సరిపడే మాట సంస్కృతంలో ఉండటం, తెలుగు బైబిలు అనువాదకులు దాన్నే పట్టుకోవడం నాకు ఎప్పుడు తలచుకున్నా ఆనందం కలిగించే విషయం. అక్ష శబ్దానికి ఇంద్రియమనే అర్థం కూడా ఉంది. అమరసింహుడు అధ్యక్ష శబ్దానికి ప్రత్యక్షమైనది, అధికృతుడు అని రెండర్థాలు చెప్పాడు. ప్రత్యక్షం, పరోక్షం, సమక్షం, సాక్షి అన్నీ ఈ కుటుంబంవే. సాక్షి అంటే స్వయంగా చూసినవాడని పాణిని సూత్రమే ఉంది.

ఈ మాట వయసు తక్కువది కాదు. ఋగ్వేదం పదో మండలంలోని నాసదీయ సూక్తం సృష్టి ఎలా పుట్టిందో ఎవరికి తెలుసునని అడిగి, 'యో అస్యాధ్యక్షః పరమే వ్యోమన్' అంటుంది. పరమాకాశంలో ఉండి దీన్ని చూస్తున్నవాడెవడో అతనికి తెలుసు, లేదా అతనికీ తెలియదేమో అని ముగుస్తుంది. గీత తొమ్మిదో అధ్యాయంలో 'మయాధ్యక్షేణ ప్రకృతిః సూయతే సచరాచరమ్' అన్నచోట శంకరులు అధ్యక్ష శబ్దాన్ని 'దృశిమాత్రస్వరూపేణ' అని వివరించారు. చూపే స్వరూపంగా ఉన్నవాడని అర్థం. కుర్చీ లేదు, గొడుగు లేదు, మేళం లేదు. చూపు మాత్రమే ఉంది. కౌటిల్యుడు ఇదే మాటను కచేరీలోకి తెచ్చాడు. అర్థశాస్త్రం రెండో అధికరణం పేరే అధ్యక్షప్రచారం. సేద్యం చూసేవాడు సీతాధ్యక్షుడు, సుంకం చూసేవాడు శుల్కాధ్యక్షుడు, ఓడలు చూసేవాడు నావధ్యక్షుడు. మద్యం చూసేవాడు సురాధ్యక్షుడు. విష్ణుసహస్రనామంలో 'లోకాధ్యక్షః సురాధ్యక్షో ధర్మాధ్యక్షః' అన్నచోట సురాధ్యక్షుడు దేవతల అధ్యక్షుడు. సుర శబ్దం హ్రస్వమా, దీర్ఘమా అన్నది సంధిలో కలిసిపోయింది; సందర్భమే చెప్పాలి.

పోతనగారి దగ్గర ఒక్క క్షణం ఆగకుండా ముందుకు వెళ్ళలేను. సంస్కృత భాగవతంలో గజేంద్రుడు 'సర్వాధ్యక్షాయ సాక్షిణే' అని మొక్కుతాడు. అధ్యక్షుడు, సాక్షి పక్కపక్కనే ఉన్నారు. రెండు మాటల్లోనూ కన్నే ఉంది. ఆ స్తోత్రాన్ని తెలుగు చేస్తూ పోతన 'ఒకపరి జగములు వెలి నిడి యొకపరి లోపలికిఁ గొనుచు నుభయముఁ దానై సకలార్థసాక్షి యగు నయ్యకలంకుని నాత్మమూలు నర్థిఁ దలంతున్' అన్నాడు. జగత్తులను బయట పెట్టేదీ లోపలికి తీసుకొనేదీ తానే, ఆ రెంటినీ చూసేదీ తానే. 'సకలార్థసాక్షి' అన్న సమాసం ఎంత తేలికగా కందంలో ఒదిగిందో చదివి చూడండి. మొసలి నోట కాలు చిక్కినవాడు పిలుస్తున్నది సింహాసనం మీద కూర్చున్నవాణ్ణి కాదు, తనను చూస్తున్నవాణ్ణి. అధ్యక్ష శబ్దపు ప్రాణం అక్కడ ఉంది. నేడు 'అధ్యక్షత వహించారు' అంటే వేదిక మీద మధ్య కుర్చీలో కూర్చున్నారని అర్థమైపోయింది. మాటలోని కన్ను పోయి కుర్చీ మిగిలింది. నా ఫిర్యాదంతా ఇదే.

ఇప్పుడు బ్రిటన్ వెళదాం. అక్కడి తగవు కూడా నాకు కంటికీ కుర్చీకీ మధ్య తగవుగానే కనిపిస్తుంది. తెలుగు బైబిలు తెరిచి అపొస్తలుల కార్యములు ఇరవయ్యో అధ్యాయం చూడండి. పౌలు ఎఫెసు సంఘపు 'పెద్దలను' పిలిపిస్తాడు. అది పదిహేడో వచనం. ఇరవై ఎనిమిదో వచనానికి వచ్చేసరికి అదే మనుషులతో, పరిశుద్ధాత్మ మిమ్మల్ని 'అధ్యక్షులనుగా' ఉంచాడని చెబుతాడు. తీతుకు రాసిన పత్రికలోనూ అంతే. ప్రతి పట్టణంలో 'పెద్దలను' నియమించమని మొదలుపెట్టి, రెండు వచనాల తర్వాత 'అధ్యక్షుడు' నిందారహితుడై ఉండాలంటాడు. పెద్ద అంటే గ్రీకులో ప్రెస్బుతెరోస్, అంటే ప్రెస్బిటర్. అధ్యక్షుడంటే ఎపిస్కోపోస్, అంటే బిషప్. ఇద్దరూ ఒకరే అయితే పెద్దల మీద అధికారం చేసే బిషప్ ఎక్కడి నుంచి వచ్చాడు? బిషప్పులు వద్దు, పెద్దలే సంఘాన్ని నడపాలన్న ప్రెస్బిటేరియన్ల వాదమంతా ఈ ముడి మీద నిలిచింది. ప్రాచీన క్రైస్తవ పండితుల్లో జెరోము కూడా మొదట ఇద్దరూ ఒకరేనన్నాడు కనుక అతణ్ణి పదే పదే సాక్ష్యానికి పిలిచారు.

జేమ్స్ రాజు చేయించగా 1611లో అచ్చయిన ఇంగ్లీషు బైబిలులో ఈ ముడి సరిగా కనబడదు. ఫిలిప్పీ పత్రికలో 'బిషప్పులు' అన్న అదే గ్రీకు మాటను కార్యములలో 'పైవిచారణ చేసేవారు' అనే అర్థం వచ్చే వేరే మాటతో అనువదించారు. తెలుగు బైబిలు రెండు చోట్లా అధ్యక్షులనే అంది. ఈ విషయంలో మన అనువాదమే నిలకడైనది. ఆ ఇంగ్లీషు అనువాదకులకు ఇచ్చిన నియమాల్లో మూడోది పాత చర్చి మాటలను మార్చవద్దని, 'చర్చి' అన్నచోట 'సమాజం' అనే అర్థమిచ్చే మాట వేయవద్దని చెబుతుంది. మన బైబిలు 'ఈ బండమీద నా సంఘమును కట్టుదును' అని, జేమ్స్ రాజు వద్దన్నదే హాయిగా చేసింది. ఆ రాజు 1604 జనవరిలో హాంప్టన్ కోర్టు సమావేశంలో, చర్చిని ఇంకా సంస్కరించాలన్న ప్యూరిటన్లతో 'బిషప్ లేకపోతే రాజూ లేడు' అన్నాడు. మాటల ఎంపిక వెనక ఇంత రాజ్యం ఉంది.

అతని కొడుకు చార్లెస్ కాలంలో అది నెత్తురు దాకా వెళ్ళింది. 1637లో బిషప్పులను తిడుతూ రాసిన ముగ్గురికి, అంటే న్యాయవాది ప్రిన్‌కు, బోధకుడు బర్టన్‌కు, వైద్యుడు బాస్ట్విక్‌కు లండనులో చెవులు కోశారు. అదే ఏడాది జూలై 23న ఎడింబరోలోని సెయింట్ జైల్స్ చర్చిలో చార్లెస్ పంపిన కొత్త ప్రార్థనల పుస్తకం చదవబోతే జనం గొడవ చేశారు. మీ పాఠంలో ఒక సంగతి తప్పక చేర్చండి. ఆ పుస్తకంలో స్కాట్లను మెప్పించడానికి యాజకుడనే అర్థమిచ్చే 'ప్రీస్ట్' అన్న మాట తీసేసి 'ప్రెస్బిటర్' అని వేశారు. మాట మార్చినా మనిషి మారలేదని జనం గ్రహించారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఈ మార్పులను ఎదిరిస్తామన్న ఒడంబడిక మీద సంతకాలు పెట్టారు, ఏడాది చివర గ్లాస్గో మహాసభలో బిషప్పులనే రద్దు చేశారు.

లండనులో యుద్ధం కాగితాల మీద నడిచింది. 1640లో జోసెఫ్ హాల్ బిషప్ పదవి దైవదత్తమని పుస్తకం రాశాడు. 1641లో అయిదుగురు బోధకులు తమ పేర్ల మొదటి అక్షరాలు కలిపి 'స్మెక్టిమ్నూస్' అనే పేరుతో జవాబిచ్చారు. వారిలో థామస్ యంగ్ కవి మిల్టన్‌కు చిన్ననాటి గురువు. శిష్యుడు గురువు పక్షాన కలం పట్టాడు. బిషప్పుల పక్షంలో చాలామంది పేర్లు మొదట కలిసే ఉండేవని ఒప్పుకొని, పదవి మాత్రం వేరేనని వాదించారు. తొలినాటి బిషప్ ఇగ్నేషియస్ లేఖలను ఆధారం చూపారు. ఆ లేఖల్లో అసలువి ఏవో, కల్పితాలు ఏవో ఐర్లండు ఆర్చిబిషప్ జేమ్స్ అషర్ 1644లో వేరుచేసి అచ్చువేశాడు. నా దృష్టిలో ఆ గుంపులో అసలైన పండితుడు అతనే. పెద్దల సభకు బిషప్ కేవలం అధ్యక్షత వహించాలని అతను ఒక రాజీ కూడా సూచించాడు. ఎవరూ వినలేదు.

1643లో చర్చిని సంస్కరించడానికి పార్లమెంటు పిలిచిన వెస్ట్‌మిన్‌స్టర్ సభ కూడింది, 1646లో ఇంగ్లండులో బిషప్పులు రద్దయ్యారు. అప్పుడు గెలిచిన ప్రెస్బిటేరియన్లు తమతో ఏకీభవించనివారిని అణచబోయారు. ఏ ఊరి సంఘం ఆ ఊరిదే అన్న ఇండిపెండెంట్లు, బాప్టిస్టులు వారికి ఎదురునిలిచారు. మిల్టన్ ఆ సమయంలోనే మనసు విరిగి ఒక పద్యం రాశాడు. దాని చివరి మాట, కొత్త ప్రెస్బిటర్ అంటే పాత ప్రీస్టునే పూర్తి అక్షరాలతో రాయడం అని. ఇంగ్లీషులో ప్రీస్ట్ అన్నది ప్రెస్బిటర్ కుదించుకుపోయిన రూపమే. పద్యం బలమంతా ఆ వ్యుత్పత్తిలో ఉంది. తెలుగులో ఇది చెప్పలేం. మనకు యాజకుడు వేరు, పెద్ద వేరు. బైబిలు అనువాదకులు వాటిని ఎక్కడా కలపలేదు. మీరు ప్రెస్బిటర్‌కు పూజారి అని వేస్తే మిల్టన్ కోపానికి కారణమే పాఠంలో మిగలదు.

1649లో పోయిన రాజరికం 1660లో తిరిగి వచ్చాక, 1662లో చట్టం తిరగబడింది. బిషప్ చేతి అభిషేకం లేనివారు మళ్ళీ అభిషేకం పొందాలి, లేదా కొలువు వదలాలి. 1660 నుంచి లెక్కవేస్తే దాదాపు రెండు వేలమంది వదిలారు. ఈ ముడి విప్పడంలో మన నేలకూ పాలుంది, విద్యార్థులకు చెప్పండి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు, బిషప్పులున్న ఆంగ్లికన్లూ బిషప్పులు లేని ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంప్రదాయాల వారూ మెథడిస్టులతో పాటు ఒకటయ్యారు. పాత బోధకులెవరినీ మళ్ళీ అభిషేకం పొందమనలేదు. ఇకమీదట అభిషేకం బిషప్ చేతిమీదుగా జరగాలన్నారు. భారతీయుల్లో ఆంగ్లికన్ బిషప్ అయిన మొదటివారు వి.ఎస్. అజరయ్య, 1912 నుంచి ఆయన ఉన్నది మన డోర్నకల్‌లోనే. ఈనాటికీ ఆ సంఘంలో బిషప్, ప్రెస్బిటర్ అనే రెండు మాటలూ పక్కపక్కనే బతుకుతున్నాయి.

ఇక తీర్పు. పీఠాధిపతి అన్న మాట బొత్తిగా నిరాధారం కాదు. బిషప్ కూర్చునే ఆసనాన్ని గ్రీకులో కథెద్ర అంటారు, కెథడ్రల్ అన్న పేరు దాని నుంచే వచ్చింది. కాని 17వ శతాబ్దపు ప్రెస్బిటేరియన్ల వాదం చెప్పేచోట ఆ మాట వాడితే, వారు ఒప్పుకోని పీఠాన్ని మీరే వేసి కూర్చోబెట్టినట్టవుతుంది. గ్రంథ వాక్యాల మీద వాదన నడిచేచోట 'అధ్యక్షుడు', 'పెద్ద' అని రాసి, ఒకసారి వ్యుత్పత్తి చెప్పండి. పార్టీ అధ్యక్షుడు పక్కకు తప్పుకుంటాడు. చట్టాలు, పదవులు, వ్యక్తుల గురించి చెప్పేచోట 'బిషప్', 'ప్రెస్బిటర్' అనే ఉంచండి. ఒక్క అషర్ రాజీ దగ్గర మాత్రం అధ్యక్షుడు అన్న మాట నేటి సభాధ్యక్షుడి అర్థంలోనే సరిపోతుంది. 'అధ్యక్ష పాలన' అనకండి, అది అమెరికా ప్రభుత్వ విధానమైపోతుంది. 'బిషప్పుల పాలన', 'పెద్దల పాలన' అనవచ్చు. రెండోదానిలో ఊరి పెద్దల ధ్వని వస్తుందని కొందరు అభ్యంతరం చెప్పవచ్చు. స్కాట్లండు సంఘాల్లో బోధకులతో పాటు ఊరి గృహస్థులు కూడా పెద్దలుగా కూర్చునేవారు కనుక ఆ ధ్వని నాకు ఇబ్బందిగా తోచదు. అంతకన్నా మంచి మాట దొరికితే వాడండి. కథోలికుల గురించి రాసేటప్పుడు వారి మాట 'మేత్రాణులు' వారికే వదలండి. బహువచనం 'బిషప్‌లు' అని విడగొట్టి రాయడం ఈమధ్య ఎక్కువైంది. ద్విత్వంతో 'బిషప్పులు' అంటేనే తెలుగు నోటికి పలుకుతుంది.