టెక్ సందేహాలు: ఏఐ గీసిన రూములో మా కిటికీ ఏది?

తిరుపతి ఎం.ఆర్.పల్లి నుంచి ఒక పాఠకుడు: మా ఇంట్లో 10x12 అడుగుల రూము ఖాళీగా ఉంది. మామూలు రోజుల్లో అబ్బాయి చదువుకోవాలి, దర్శనానికి బంధువులొస్తే పడుకోవాలి. ఫొటో తీసి ఏఐ యాప్‌కి ఇస్తే డిజైన్ అదిరిపోయింది కానీ అందులో పడమటి కిటికీ లేదు, బీరువా లేదు. ఇంకేదైనా సాఫ్ట్‌వేర్ ఉందా?

ఆ యాప్‌కి మీ కొలతలు తెలియవు కదండీ, ఫొటో చూసి ఇంకో ఫొటో గీసిచ్చింది, అంతే. రంగుల కోసం చూసుకోండి గానీ దాన్ని కార్పెంటర్ చేతిలో మాత్రం పెట్టకండి. స్వీట్ హోమ్ 3డీ వేసుకోండి. ఉచితం, విండోస్, మ్యాక్, లినక్స్ దేంట్లోనైనా నడుస్తుంది. ముందు ప్రిఫరెన్సెస్‌లో యూనిట్‌ని అడుగులు, అంగుళాల్లోకి మార్చుకోండి, లేదంటే సెంటీమీటర్లతో తల వాచిపోతుంది. కొలతలు టేపుతోనే తీయండి, ఫోన్ కెమెరా కొలతలు ఉజ్జాయింపుకే పనికొస్తాయి. ఏ గోడా తిన్నగా ఉండదు కాబట్టి రెండు చోట్ల కొలిచి తక్కువ వచ్చిందే వేయండి.

ఇప్పుడు అసలు సంగతి. 5x6.5 అడుగుల మంచం తలవైపు 12 అడుగుల గోడకి ఆనించారనుకోండి, కాళ్ల వైపు 42 అంగుళాలు మిగులుతుంది. అక్కడ 19 అంగుళాల లోతున్న బీరువా పెడితే మిగిలేది 23. మూడడుగుల బీరువాకి ఒక్కో తలుపు 18 అంగుళాలు, అంటే తలుపు తెరిచాక మనిషి నిలబడటానికి 5 అంగుళాలు! ఇది ఏ ఏఐ బొమ్మలోనూ కనపడదు. బంధువులు ఎప్పుడో వస్తారు, అబ్బాయి రోజూ ఉంటాడు కాబట్టి నా ఓటు సోఫా కమ్ బెడ్‌కే, కాకపోతే దాన్ని తెరిచిన సైజులోనే ప్లాన్‌లో పెట్టి చూడండి.

ఇంకోటి, చాలామంది పట్టించుకోరు. ప్లాన్ మీదున్న కంపాస్‌ని డబుల్ క్లిక్ చేసి అక్షాంశం 13.6, రేఖాంశం 79.4 ఇచ్చి ఉత్తరం దిక్కు సరిచేయండి. తర్వాత క్రియేట్ ఫొటోలో క్వాలిటీ పెంచి, మే నెల సాయంత్రం నాలుగు గంటలు పెడితే మీ పడమటి ఎండ ఏ గోడ మీద పడుతుందో చూపిస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీ ఏదైనా తగిలించాలనుకుంటే ఆ గోడ వద్దు, సహజ రంగులు ఎండకి వెలిసిపోతాయి. అబ్బాయి మానిటర్ కూడా కిటికీకి ఎదురుగా కాకుండా పక్కవాటుగా ఉండాలి.

చిత్తూరు నుంచి: పెయింట్ యాప్‌లో చూసిన రంగు గోడ మీద వేరేగా వచ్చింది, ఎందుకు?

ఫోన్‌లో నైట్ లైట్ ఆన్‌లో ఉందేమో చూడండి, అది స్క్రీన్‌ని పసుపుగా చేస్తుంది. రూములో లైటు కూడా కారణమే: పసుపు వెలుగిచ్చే 3000 కెల్విన్ బల్బు కింద రంగు ఒకలా, తెల్లటి వెలుగిచ్చే 6500 కెల్విన్ ట్యూబ్‌లైట్ కింద ఇంకోలా ఉంటుంది. ఈసారి చిన్న శాంపిల్ డబ్బా తెచ్చి రెండడుగుల మేర వేసి, ఆరాక పగలూ రాత్రీ చూసి అప్పుడు డబ్బులు పెట్టండి.

రేణిగుంట నుంచి: స్మార్ట్ బల్బు వైఫైకి కనెక్ట్ కావట్లేదు.

ఈ బల్బులు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ వైఫై సిగ్నల్ మీదే పనిచేస్తాయి. రౌటర్‌లో 2.4కీ 5 గిగాహెర్ట్జ్‌కీ ఒకే వైఫై పేరుంటే విడదీసి, ఫోన్‌ని 2.4కి కలిపి మళ్లీ ప్రయత్నించండి. అయినా ఒక మాట, గోడ స్విచ్ కట్టేస్తే యాప్‌లో ఎంత నొక్కినా వెలగదు. కరెంటు బిల్లు భయంతో ప్రతి స్విచ్చూ ఆపే అమ్మమ్మ ఇంట్లో ఉంటే మామూలు ఎల్‌ఈడీ చాలు.