టెక్ సందేహాలు: ఫారిన్ టూర్‌కు కెమెరా తీసుకెళ్తే ఏ ఇన్సూరెన్స్?

ప్రశ్న: వచ్చే నెల కుటుంబంతో ఇటలీ వెళ్తున్నాం. సోనీ ఏ7 ఫోర్ బాడీ, రెండు లెన్సులు తీసుకెళ్తున్నాను. అన్నీ కలిపి 4 లక్షల దాకా అవుతాయి. వీసా కోసం తీసుకున్న ట్రావెల్ పాలసీలో ‘బ్యాగేజ్ లాస్’ ఉంది కాబట్టి కెమెరాకు విడిగా ఇన్సూరెన్స్ అక్కర్లేదని ఏజెంట్ అంటున్నాడు. నమ్మొచ్చా? – హనుమకొండ నుంచి ఒక పాఠకుడు

జవాబు: నమ్మకండి. అదే మాట మెయిల్‌లో రాసివ్వమనండి, చాలామంది ఏజెంట్లు అక్కడే ఆగిపోతారు. ఇటలీతో సహా చాలా యూరప్ దేశాలకు పనికొచ్చే షెంగెన్ వీసాకు అడిగే కనీసం 30,000 యూరోల బీమా ఆసుపత్రి ఖర్చుల కోసం, అత్యవసరమైతే స్వదేశానికి చేర్చడం కోసం. సామానుతో దానికి సంబంధం లేదు. పాస్‌పోర్ట్ పోతే ఇంత, బ్యాగ్ పోతే ఇంత అంటూ మన కంపెనీలు దానికి కొన్ని జోడించి అమ్ముతాయి. బ్యాగ్ అన్నచోట సాధారణంగా రెండు మెలికలుంటాయి. పోయింది విమానంలో చెక్-ఇన్ చేసిన బ్యాగ్ అయ్యుండాలి. అందులో బంగారం, నగదు, కెమెరా, ల్యాప్‌టాప్ లాంటివి ఉన్నా లెక్కలోకి తీసుకోరు. అంటే కెమెరా మీ భుజాన ఉంటే కవర్ లేదు, సూట్‌కేస్‌లో ఉంటే మినహాయింపు! పాలసీ పీడీఎఫ్ తెరిచి ‘వాల్యుబుల్స్’ నిర్వచనం ఒకసారి చదవండి, మీకే తెలిసిపోతుంది.

పోనీ ఎయిర్‌లైన్స్ ఇస్తుందిలే అనుకుందామా? అంతర్జాతీయ ప్రయాణాలకు వర్తించే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం సామాను పోయినా, పాడైనా ఒక్కో ప్రయాణికుడికి గరిష్ఠ పరిహారం 1,519 ఎస్‌డీఆర్‌లు (ఐఎంఎఫ్ లెక్కకు వాడే యూనిట్). 2024 డిసెంబరు 28 నుంచి అమల్లో ఉన్న పరిమితి ఇది. మన డబ్బుల్లో సుమారు 1.8 లక్షలు. బట్టలతో సహా మొత్తం సామానుకు అదే గరిష్ఠం, అది కూడా మీరు రుజువు చేసుకున్నంత మేరకే. పాడైన బ్యాగ్ గురించి 7 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయకపోతే ఆ హక్కూ పోతుంది.

గల్ఫ్ మీదుగా వెళ్లే ఎకానమీ టికెట్లలో చాలావాటికి కేబిన్ బ్యాగ్ 7 కిలోలే. విమానం నిండిపోయిందంటే గేటు దగ్గరే మీ బ్యాగ్‌కు ట్యాగ్ కట్టి కిందికి పంపేస్తారు. అలా జరిగితే మొహమాటపడకుండా బాడీ, లెన్సులు, స్పేర్ బ్యాటరీలు అక్కడే తీసేసుకోండి. స్పేర్ లిథియం బ్యాటరీలు చెక్-ఇన్ సామానులో ఉండకూడదు కాబట్టి బ్యాగ్ తెరవనివ్వక తప్పదు. మీ కెమెరా బ్యాటరీ ఎన్‌పీ-ఎఫ్‌జెడ్100 సామర్థ్యం 16.4 వాట్-అవర్లు. ఎయిర్‌లైన్స్ అనుమతి అవసరమయ్యేది 100 దాటితేనే, ఆ టెన్షన్ మీకు లేదు.

మీకు కావాల్సింది జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలు ఇచ్చే ‘ఆల్ రిస్క్’ తరహా పాలసీ, అంటే మినహాయించినవి తప్ప మిగతా నష్టాలన్నిటికీ వర్తించేది. కొన్ని కంపెనీలు దీన్ని విడిగా ఇస్తాయి, కొన్ని ఇంటి బీమాకు పోర్టబుల్ ఎక్విప్‌మెంట్ పేరుతో యాడ్-ఆన్‌గా కలుపుతాయి. వెబ్‌సైట్లో కనిపించకపోతే బ్రాంచికి వెళ్లి అడగండి. మామూలుగా ఇది ఇండియాకే పరిమితమై ఉంటుంది. అదనపు ప్రీమియం కట్టి విదేశాల్లోనూ వర్తించేలా ‘వరల్డ్‌వైడ్’ ఎండార్స్‌మెంట్ (పాలసీకి చేర్చే సవరణ) వేయించుకోవాలి. షెడ్యూల్‌లో (పాలసీలోని వస్తువుల జాబితాలో) ‘కెమెరా సెట్ 1’ అని రాయించి ఊరుకోవద్దు. బాడీ, ఒక్కో లెన్సు విడివిడిగా, సీరియల్ నంబరుతో, విలువతో రాయించండి.

విలువ దగ్గర ప్రీమియం తగ్గుతుందని కక్కుర్తి పడితే ఎలా దెబ్బ తింటామో చూడండి. మీ సామాను 4 లక్షలు, బీమా చేసింది 2 లక్షలకు అనుకుందాం. లక్ష రూపాయల లెన్సు పోయింది. బీమా 2 లక్షలుంది, లక్ష ఎక్కడికి పోతుందిలే అనుకుంటాం. కానీ పాలసీలో ‘యావరేజ్’ నిబంధన ఉంటే, మీరు సగం విలువకే బీమా చేశారు కాబట్టి 50 వేలే లెక్క కడతారు. అందులో ‘ఎక్సెస్’ పేరుతో మన వంతు కొంత కోస్తారు. మూడేళ్ల పాతదైతే తరుగుదల కూడా తీసేస్తారు. చివరికి చేతికొచ్చేది ఎంతో మీరే ఊహించుకోండి. కొత్తది కొనడానికయ్యే ధర ఇస్తారా, తరుగు తీసేసిన ధర ఇస్తారా అన్నది ప్రీమియం కంటే ముందు అడగాల్సిన ప్రశ్న.

ఇక ఇటలీలో జరిగే అవకాశమున్నవి ఏమిటి? రోమ్ టెర్మినీ స్టేషన్లో పిజ్జా తింటూ బ్యాగ్ కుర్చీ పక్కన పెడతారు, తిరిగి చూస్తే ఉండదు. రైల్లో పై ర్యాక్‌లో పెట్టి కునుకు తీస్తారు. అద్దె కారును కొండ మీది వ్యూ పాయింట్ దగ్గర ఆపి దిగుతారు, అద్దం పగులుతుంది. వెనిస్‌లో పడవ ఎక్కుతుంటే కెమెరా నీళ్లలో పడుతుంది. నాలుగింటికీ పాలసీలో జవాబులు వేరువేరుగా ఉండొచ్చు. ‘చూసేవాళ్లు లేకుండా వదిలేసిన’ వస్తువుకు చాలా పాలసీలు పైసా ఇవ్వవు. కారులోదైతే తాళం వేసిన డిక్కీలో ఉందా, బలవంతంగా తెరిచిన గుర్తులున్నాయా అని చూస్తాయి. కాబట్టి “కెమెరా కవర్ అవుతుందా?” అని అడిగితే లాభం లేదు, అవుతుందనే అంటారు. ఈ నాలుగు సన్నివేశాలూ రాసి, ఒక్కోదానికి అవునా కాదా చెప్పమని కంపెనీకి మెయిల్ పెట్టండి. జవాబును ఫోన్‌లోనూ, క్లౌడ్‌లోనూ దాచుకోండి.

అక్కడ దొంగతనం జరిగితే దగ్గర్లోని పోలీసులకో, కరబినియెరీ (అక్కడి మరో పోలీసు దళం) స్టేషన్‌కో వెళ్లి ‘దెనున్చా’ కావాలని అడగండి. మన ఎఫ్ఐఆర్ లాంటిది. సీరియల్ నంబర్లు అందులో పడాలి, అందుకే బాడీ అడుగునా, లెన్సు మీదా ఉన్న నంబర్లకు ఇప్పుడే ఫొటో తీసి పెట్టుకోండి. బీమా కంపెనీకి వెంటనే మెయిల్ కొట్టండి. కింద పడి పగిలితే అక్కడే రిపేరు చేయించవద్దు, నష్టాన్ని అంచనా వేసే సర్వేయర్ చూసేదాకా ముక్కలు కూడా పారేయొద్దు.

క్లెయిమ్ అన్యాయంగా తిరస్కరించారనిపిస్తే ముందు కంపెనీకే ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లో ఉన్న ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు పరిష్కరించే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. లాయర్ అక్కర్లేదు, ఫీజు లేదు.

ప్రశ్న: ఆన్‌లైన్లో కెమెరా కొన్నప్పుడు రెండేళ్ల ‘డ్యామేజ్ ప్రొటెక్షన్’ ప్లాన్ తీసుకున్నాను. సింగపూర్‌లో పోతే పనికొస్తుందా? – రాజమండ్రి

జవాబు: పోతే పనికిరాదు. పేరులోనే ఉంది, అది డ్యామేజ్‌కు. చాలా ప్లాన్లలో దొంగతనం ఉండదు, రిపేరు ఇండియాలోని సర్వీస్ సెంటర్లోనే. అక్కడ పగిలితే ఇంటికి తెచ్చి ఇవ్వొచ్చేమో షరతుల్లో చూడండి. మరో మాట, తిరిగొచ్చేటప్పుడు కస్టమ్స్ వాళ్లు కెమెరా అక్కడే కొన్నారా అని అడగొచ్చు. వెళ్లేటప్పుడే విమానాశ్రయంలో కస్టమ్స్ అధికారికి కెమెరా, బిల్లు చూపించి ‘ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్’ తీసుకుంటే ఆ గొడవ ఉండదు.

ప్రశ్న: ప్రీ-వెడ్డింగ్ షూట్ కోసం మా టీమ్ బాలి వెళ్తోంది. మూడు కెమెరాలు, లైట్లు, గింబల్. నా పేరు మీదున్న పాలసీ సరిపోతుందా? – విజయవాడ

జవాబు: డబ్బు తీసుకుని చేసే పని కాబట్టి వ్యక్తిగత పాలసీ మీద క్లెయిమ్ దాదాపుగా నిలబడదు. స్టూడియో పేరుతో వ్యాపార పాలసీ తీసుకుని, ఆపరేట్ చేసేది మీరు కాకుండా అసిస్టెంట్ అయినా, అద్దెకు తెచ్చిన లెన్సు అయినా వర్తించేలా రాయించండి. అద్దె సామానుకు యజమాని మీరు కాదు కాబట్టి ఆ మాట పాలసీలో విడిగా ఉండాలి. ఇంత సామాను చూస్తే అక్కడి కస్టమ్స్ ఆపొచ్చు. వస్తువులు తాత్కాలికంగా తీసుకెళ్లి వెనక్కి తెచ్చుకోవడానికి ఏటీఏ కార్నెట్ అనే పత్రం ఉంది, మన దేశంలో పరిశ్రమల సమాఖ్య ఫిక్కీ ఇస్తుంది. ఇక, టూరిస్ట్ వీసా మీద వెళ్లి డబ్బు తీసుకునే షూట్ చేయడం వేరే తలనొప్పి. దాన్ని ఏ బీమా కాపాడదు.

ప్రశ్న: డాలస్‌లో అద్దె ఇంట్లో ఉంటున్నాం. చెల్లి పెళ్లికి ఖమ్మం వస్తూ కెమెరా తెస్తున్నాను. రెంటర్స్ ఇన్సూరెన్స్ ఇండియాలో పనిచేస్తుందా? – ఒక ఎన్నారై పాఠకురాలు

జవాబు: అద్దెకుండేవాళ్ల సామానుకు ఇచ్చే రెంటర్స్ పాలసీల్లో చాలావరకు మీ వస్తువులకు ఇంటి బయట, వేరే దేశంలో కూడా వర్తిస్తాయి. కాకపోతే దొంగతనం, అగ్నిప్రమాదం లాంటి పేర్కొన్న ప్రమాదాలకే. బరాత్‌లో ఎవరో మోచేయి తగిలించి కింద పడేస్తే రాదు. డిడక్టిబుల్ (క్లెయిమ్‌లో మనం భరించాల్సిన మొత్తం) 1,000 డాలర్లుంటే 1,200 డాలర్ల లెన్సుకు చేతికొచ్చేది 200. అదే కంపెనీలో ‘పర్సనల్ ఆర్టికల్స్’ పాలసీ ఉందేమో అడగండి. కింద పడటం కూడా అందులో సాధారణంగా కవర్ అవుతుంది, చాలావాటికి డిడక్టిబుల్ ఉండదు. బయల్దేరే ముందు సీబీపీ (అమెరికా కస్టమ్స్) కార్యాలయంలో కెమెరా చూపించి ఫారం 4457 మీద ముద్ర వేయించుకుంటే, తిరిగెళ్లేటప్పుడు అది ఇండియాలో కొన్నది కాదని చూపించుకోవచ్చు. ఒకసారి తీసుకున్న ఫారం తర్వాతి ప్రయాణాలకూ పనికొస్తుంది.