కెర్నెల్ మారాక కార్డు డ్రైవర్ బిల్డ్ కావడం లేదు

ప్రశ్న: బెంగళూరు పీణ్యాలో ఒక చిన్న పరీక్షశాలలో పనిచేస్తున్నాను. యంత్రాల కంపనాలు కొలిచే పీసీఐ కార్డు డ్రైవర్ మా వద్ద సోర్సు రూపంలో ఉంది. ఉబుంటు 22.04లో (ఇది ఒక లినక్స్ పంపిణీ) దాని మూల భాగమైన కెర్నెల్ 5.15 నుంచి 6.8కి మారిన నాటి నుంచి అది బిల్డ్ కావడం లేదు. తయారీదారులు ఈ మోడల్‌ను వదిలేశారు. లాగ్‌లో పీసీఐ_ఎలాక్_కన్సిస్టెంట్, వీఎం_ఫ్లాగ్స్, క్లాస్_క్రియేట్ పేర్లతో తప్పులు కనిపిస్తున్నాయి. నాకు సీ భాష వచ్చు. కెర్నెల్ పని మాత్రం ఎన్నడూ చేయలేదు.
– ఒక పాఠకుడు

జవాబు: ముందు మీ పని ఆగకుండా చూసుకోండి. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో పాత కెర్నెల్‌ను ఎంచుకుంటే కార్డు నడుస్తుంది, 22.04తో వచ్చిన 5.15కు 2027 వరకు భద్రతా సవరణలు అందుతాయి కనుక తొందరేమీ లేదు.

మీ డ్రైవర్‌లో కొత్తగా పుట్టిన లోపం ఏదీ లేదు. లినక్స్ మామూలు ప్రోగ్రాములకు ఇచ్చే స్థిరత్వ హామీని కెర్నెల్ లోపలి ఫంక్షన్లకు ఇవ్వదు. ఒక ఫంక్షన్‌ను మార్చేటప్పుడు కెర్నెల్ సోర్సులోనే ఉన్న డ్రైవర్లన్నిటినీ సరిదిద్దుతారు గాని, మీ దానిలా బయట ఉన్న డ్రైవర్ భారం దాని యజమానిదే.

మూడింటిలో రెండు తేలిక. 6.4 నుంచి క్లాస్_క్రియేట్‌కు మొదటి ఆర్గ్యుమెంట్‌గా ఉన్న దిస్_మాడ్యూల్ అక్కర్లేదు, తీసేయండి. 6.3 నుంచి వీఎం_ఫ్లాగ్స్‌లోకి నేరుగా రాయకూడదు. డ్రైవర్ మెమరీని ప్రోగ్రాములకు అందించే ఎంమ్యాప్ ఫంక్షన్‌లోని ఆ వరుసకు బదులు వీఎం_ఫ్లాగ్స్_సెట్‌ను పిలవండి.

ఆలోచించి చేయవలసినది మొదటిది. కార్డు నేరుగా చదివి రాసే మెమరీని (డీఎంఏ) కేటాయించే పీసీఐ_ఎలాక్_కన్సిస్టెంట్‌ను 5.18లో తొలగించారు. దాని ప్రోటోటైప్‌ను మీరే రాసి కంపైలర్ నోరు మూయించినా, ఆ ఫంక్షన్ ఎక్కడా లేనందున మాడ్యూల్ పిలిచే పేర్లు కెర్నెల్‌లో ఉన్నాయో లేదో చూసే తర్వాతి మోడ్‌పోస్ట్ దశలో మళ్లీ తప్పు వస్తుంది. దాని స్థానంలో డీఎంఏ_ఎలాక్_కోహెరెంట్ వాడాలి. మొదటి ఆర్గ్యుమెంట్‌గా పీసీఐ పరికరాన్ని కాక దానిలోని 'డెవ్' సభ్యుని చిరునామాను ఇవ్వాలి, చివర జీఎఫ్‌పీ ఫ్లాగ్ (మెమరీని ఎలా కేటాయించాలో చెప్పే సంకేతం) ఒకటి చేర్చాలి. పాత ఫంక్షన్ మీకు తెలియకుండానే జీఎఫ్‌పీ_అటామిక్ (మెమరీ కోసం ఆగనిది) వాడేది. కార్డు కనిపించినప్పుడు నడిచే ప్రోబ్ ఫంక్షన్‌లో నిద్రపోవడానికి, అంటే మెమరీ దొరికేదాకా ఆగడానికి, అభ్యంతరం లేదు కాబట్టి అక్కడ జీఎఫ్‌పీ_కెర్నెల్ మేలు. అలా ఆగకూడని చోట్ల, అంటే స్పిన్‌లాక్ అనే తాళం పట్టుకున్న చోట, ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో మాత్రం అటామిక్‌నే ఉంచండి. ఇక్కడ పొరపడితే కంపైలర్ ఒక్క మాటా అనదు, యంత్రం మాత్రం ఎప్పుడో ఒక రోజు బిగుసుకుపోతుంది. పీసీఐ_ఫ్రీ_కన్సిస్టెంట్, పీసీఐ_సెట్_డీఎంఏ_మాస్క్ కూడా అప్పుడే పోయాయి కనుక వాటినీ ఇదే పద్ధతిలో, జీఎఫ్‌పీ ఫ్లాగ్ మాత్రం లేకుండా, మార్చండి.

క్లాస్_క్రియేట్, వీఎం_ఫ్లాగ్స్ మార్పులను కెర్నెల్ సంఖ్యను చూసే లినక్స్_వర్షన్_కోడ్ పరీక్షతో చుడితే అదే సోర్సు 5.15లోనూ బిల్డ్ అవుతుంది. డీఎంఏ మార్పుకు ఆ పరీక్ష అవసరం లేదు, ఎందుకంటే కొత్త ఫంక్షన్ పాత కెర్నెల్‌లోనూ ఉంది. రెడ్ హ్యాట్ తరహా పంపిణీలలో కొత్త మార్పులను పాత సంఖ్య గల కెర్నెల్‌లోకి తెచ్చే అలవాటు ఉన్నందున, అక్కడ ఈ పరీక్షను నమ్మకుండా హెడర్ ఫైలునే తెరిచి చూడాలి.

కెర్నెల్ మారినప్పుడల్లా డ్రైవర్‌ను తిరిగి బిల్డ్ చేసే డీకేఎంఎస్ వాడుతుంటే దాని మేక్ లాగ్‌లో చివరి వరుసలు కాక మొట్టమొదటి తప్పును చూడండి. అది పోతే కింద ఉన్నవి కొన్ని వాటంతటవే పోతాయి. బిల్డ్ అయ్యాక మాడ్యూల్ లోడ్ చేసేటప్పుడు కీ తిరస్కరణకు గురైందన్న సందేశం వస్తే అది కోడ్‌కు సంబంధించినది కాదు. సంతకం లేని కోడ్‌ను ఆపే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంది, మాడ్యూల్‌పై అది నమ్మే సంతకం లేదు.