ఫొటో తీసిన నోట్సును టెక్స్టుగా మార్చడం ఎలా?

ప్రశ్న: గ్రూప్‌-2కు చదువుతున్నాను. స్నేహితుడి తెలుగు నోట్సు 60 పేజీలు ఫోనుతో ఫొటో తీసుకున్నాను. సగం జిరాక్సులు, సగం చేతిరాత. ఎడిట్ చేసుకునేలా మార్చబోతే అక్షరాలు తారుమారవుతున్నాయి. ఏం చేయాలి?

జవాబు: బొమ్మలోని అక్షరాలను పోల్చుకొని టెక్స్టుగా మార్చే ఈ పద్ధతిని ఓసీఆర్ అంటారు. కంప్యూటర్లో గూగుల్ డ్రైవ్ తెరిచి, ఫొటోను అప్‌లోడ్ చేసి, దానిపై రైట్ క్లిక్‌తో ‘ఓపెన్ విత్‌’లో గూగుల్ డాక్స్‌ను ఎంచుకుంటే, పైన ఫొటో, దాని కింద మార్చుకోదగిన టెక్స్టు వస్తాయి. ఫైలు 2 ఎంబీ దాటకూడదని గూగుల్ సూచన. ఫోను ఫొటోలు తరచూ అంతకన్నా పెద్దవిగా ఉంటాయి కాబట్టి ముందే సైజు తగ్గించండి. అయితే అక్షరాలు అలుక్కుపోయేంతగా మాత్రం తగ్గించకండి.

తప్పులకు మూలం చాలావరకు ఫొటోలోనే ఉంటుంది. కాగితాన్ని కిటికీ పక్కన బల్లపై పరిచి, మన తల నీడ పడకుండా నిటారుగా పైనుంచి తీసి, అంచులు కత్తిరించి, పక్కకు తిరిగి ఉంటే నిలువుగా తిప్పాకే అప్‌లోడ్ చేయండి. తెలుగులో చిక్కంతా చుక్కలు, వత్తుల దగ్గరే వస్తుంది. జిరాక్సులో ‘థ’ కడుపులోని చుక్క చెరిగిపోతే ‘అర్థం’ కాస్తా ‘అర్ధం’ అవుతుంది. రెండూ సరైన మాటలే కనుక స్పెల్‌చెక్ దాన్ని పట్టుకోలేదు. పదం చివరి సున్న ఒక్కోసారి అంకె సున్నాగా మారుతుంది. అందుకే సంవత్సరాలను, అంకెలను అసలు పేజీతో తప్పక సరిచూసుకోండి. పట్టికల గడులు సాధారణంగా చెదిరిపోతాయి. వాటిని మళ్లీ గీసుకోవడమే నయం.

చేతిరాత పేజీల విషయంలో మాత్రం ఓసీఆర్‌పై ఆశ పెట్టుకోవద్దనే చెబుతాను. గొలుసుకట్టు తెలుగు రాతలో దొర్లిన తప్పులను దిద్దే సమయంలో ఆ పేజీని రెండుసార్లు టైపు చేయవచ్చు. దానికి బదులు క్రోమ్ బ్రౌజర్లో గూగుల్ డాక్స్ తెరిచి, ‘టూల్స్‌’లోని ‘వాయిస్ టైపింగ్‌’లో తెలుగును ఎంచుకొని, నోట్సును పైకి చదవండి. విరామ చిహ్నాలు తర్వాత మీరే పెట్టుకోవాలి గానీ, పాఠం ఒకసారి చదివినట్టూ అవుతుంది.

ప్రశ్న: తెలుగు పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తున్నాయి. ఎందుకు?

జవాబు: అది యూనికోడ్ (ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే సంకేతం ఉండే పద్ధతి) రాకముందు నుంచీ వాడుకలో ఉన్న ‘అను’ వంటి ఫాంట్లలో తయారైన ఫైలై ఉంటుంది. తెరపై తెలుగే కనిపించినా లోపల ఉన్నవి వేరే సంకేతాలు. పీడీఎఫ్‌ను నేరుగా డాక్స్‌లో తెరిస్తే ఆ గుర్తులే మళ్లీ రావచ్చు. పేజీని జేపెగ్ బొమ్మగా సేవ్ చేసి, పైన చెప్పినట్టు డ్రైవ్‌లో తెరవండి.