సీటు తిరిగింది, గాలి తిరగలేదు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: సంపాదకులకు నమస్కారం. పెళ్లిళ్లకు, యాత్రలకు కిరాయికి తిప్పే పన్నెండు సీట్ల ఏసీ వ్యాను నాకున్నది. నిరుడు షెడ్డులో ఇచ్చి రెండో వరుసలోని మూడు సీట్లను వెనక్కి తిరిగేటట్లు, చివరి వరుసలోని నాలుగింటిని పడకలాగా పరుచుకునేటట్లు మార్పించాను. కుటుంబాలు ఎదురెదురుగా కూర్చుని ముచ్చట పెట్టుకుంటూ పోతాయని సంబరపడ్డాను. ఇప్పుడేమో వెనక్కి తిరిగి కూర్చున్నవాళ్లు మెడలు పట్టేశాయంటున్నారు, మూడో వరుసవాళ్లు గాలే అందడం లేదంటున్నారు, పడుకున్న పెద్దవాళ్లు మొహం మీద చల్లగా కొడుతున్నదంటున్నారు. మెకానిక్ చెప్పినట్లు రెండుసార్లు గ్యాస్ నింపించాను. మార్పు లేదు. – ఒక వ్యాను యజమాని, నల్లగొండ

జవాబు: మూడోసారి గ్యాస్ మీద డబ్బు పెట్టకండి. రోగమేమిటో మీ ఉత్తరంలోనే ఉంది. గ్యాస్ తగ్గితే బండిలో అందరికీ ఉక్కపోస్తుంది. ఒకరికి చలి ఎక్కువై ఇంకొకరికి గాలే అందడం లేదంటే చల్లదనం తయారవుతున్నది, పంపకం దగ్గరే తేడా వచ్చింది.

వ్యాను తయారైననాడు కప్పు కింది డక్టుకు, అంటే చల్లగాలి పారే గొట్టానికి, జాలీలు పెట్టినవాళ్లకు ఒక లెక్క ఉంటుంది. ప్రయాణికులందరూ ముందుకు చూస్తూ కూర్చుంటారు గనుక, ప్రతి వరుసకూ కొంచెం ముందునుంచి, కొంచెం పైనుంచి గాలి మొహానికి, ఛాతీకి తగలాలన్నది ఆ లెక్క. మీరు సీటును తిప్పిన మరుక్షణం, మొహం ఉండవలసిన చోటికి మెడ వచ్చింది. ఎండలోంచి వచ్చి కూర్చున్నవాడికి మొహాన తగిలితే హాయిగా ఉండే గాలే, చెమట పట్టిన మెడకు వెనకనుంచి గంటసేపు తగిలితే నొప్పిగా మారుతుంది. పైగా తిరిగిన సీటులో తల పాత చోటినుంచి అడుగున్నర, రెండడుగులు జరుగుతుంది కాబట్టి, జాలీ రెక్కలను ఎంత వంచినా గాలి కొత్త చోటికి సరిగా అందదు.

మూడో వరుస సంగతి వేరు. కూర్చున్న మనిషి ఒంటినుంచి దాదాపు 100 వాట్ల వేడి వెలువడుతుంది. రెండు, మూడు వరుసలవాళ్లు ఆరుగురు మోకాళ్లు తగిలేటట్లు ఎదురెదురుగా కూర్చుంటే ఆ కాస్త చోటులో 600 వాట్లు పోగవుతాయి. చిన్న ఇస్త్రీపెట్టెను మధ్యలో పెట్టుకున్నట్లే. అందరూ ముందుకు చూసే అమరికలో ఈ వేడి వరుసల వెంట చెదిరిపోయేది. ఇప్పుడు అది ఒక్కచోటే నిలుస్తున్నది, ఆ ఆరుగురికీ సరిపడా గాలిని మాత్రం అక్కడి పాత జాలీలు ఇవ్వలేవు.

ఇంకో అనుమానం ఉంది. సీట్లు మార్పించినప్పుడు కప్పుకు అడ్డంగా రంగు లైట్ల పెట్టెగాని, టీవీగాని బిగించారా? పెళ్లి బండ్లలో ఇది మామూలే గనుక అడుగుతున్నాను. కప్పుకు ఆనించి వదిలిన గాలి కప్పును అంటిపెట్టుకుని చాలా దూరం పోతుంది. రుమేనియా ఇంజనీరు హెన్రీ కొవాండా పేరుమీద ఈ గుణాన్ని కొవాండా ప్రభావం అంటారు. దారిలో మూడంగుళాల పెట్టె అడ్డం వచ్చినా గాలి కప్పును వదిలేసి అక్కడికక్కడే కిందికి పడిపోతుంది. అంటే పెట్టెకు ముందు కూర్చున్నవాళ్ల నెత్తిన చలి కురుస్తుంది, వెనకవాళ్లకు ఏమీ మిగలదు. నేను చూసిన ఒక బండిలో లైట్ల పెట్టెను విప్పి పక్కన పెడితే సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోయాయి, ఒక్క రూపాయి కూడా ఖర్చు కాలేదు.

ఏ పని మొదలుపెట్టే ముందైనా అగరుబత్తితో ఒక పరీక్ష చేయండి. నీడలో, ఆరుబయట బండి నిలిపి, అద్దాలు ఎక్కించి, బ్లోవర్‌ను (గాలిని నెట్టే ఫ్యానును) రెండో నంబరులో పెట్టి, వెలిగించిన అగరుబత్తిని ఒక్కొక్క సీటులో తల ఉండే ఎత్తున పట్టుకోండి. నిప్పు రెక్సిన్‌కు తగలకుండా కింద పళ్లెం పట్టండి. పొగ గట్టిగా ఒకవైపు కొట్టుకుపోతే అక్కడ గాలి ఎక్కువ, నిలువుగా పైకి లేస్తే అక్కడ గాలి లేదు. తిప్పిన సీటులో ఒకసారి, మామూలు సీటులో ఒకసారి, పడక మీద దిండు ఎత్తున ఒకసారి చూసి, కాగితం మీద బండి బొమ్మ గీసి బాణం గుర్తులు వేసుకోండి. షెడ్డులో ఎన్ని మాటలు చెప్పినా అర్థం కానిది ఆ కాగితం చూపిస్తే అర్థమవుతుంది.

ఇక అమరిక. రెక్కల జాలీలకు బదులు, బస్సుల్లో, విమానాల్లో తల మీద కనిపించే గుండ్రటి గోళీ వెంట్లు, అంటే గాలి వదిలే మూతులు, మీకు సరిపోతాయి. పత్తికి మందు కొట్టే పంపు నాజిల్‌ను బిగిస్తే సన్నని ధార దూరం పోతుంది, వదులు చేస్తే తుంపర దగ్గరలోనే పడుతుంది. గోళీ వెంటు బిగించిన నాజిల్ లాంటిది, వెడల్పు జాలీ వదులు చేసిన నాజిల్ లాంటిది. గోళీని ఎటు కావాలంటే అటు తిప్పవచ్చు, అక్కరలేనివాడు తన వెంటును పూర్తిగా మూసుకోవచ్చు. సీటు మార్చుకునే బండిలో ఈ అదుపు డ్రైవరు చేతిలో కాకుండా కూర్చున్నవాడి చేతికి అందాలి. రెండో వరుసకు, మూడో వరుసకు మధ్యనున్న ఖాళీకి సరిగ్గా పైన, కప్పుకు అడ్డంగా ఒక పట్టీలో ఆరు గోళీలు పెట్టించండి. సీట్లు ఎదురెదురుగా ఉన్నప్పుడు మూడు ఒకవైపు, మూడు ఇంకోవైపు తిరుగుతాయి. రెండో వరుసను మళ్లీ ముందుకు తిప్పినప్పుడు ఆ వరుసకు పాత జాలీలే పనికివస్తాయి, పట్టీలోని మూడింటిని మూసేయవచ్చు. ఈ పట్టీకి గాలి తెచ్చే డక్టును చటుక్కున సన్నం చేయవద్దని షెడ్డువాళ్లకు గట్టిగా చెప్పండి. సన్నమైతే ఈల మోత వస్తుంది, గాలి బ్లోవర్‌కు దగ్గరి వెంట్లలోంచే పోయి చివరివాటికి అందదు.

అందరూ ఒకేసారి వెంట్లు మూస్తే ఏమవుతుందని మీరు అడగలేదుగాని, రాత్రి ప్రయాణాల్లో జరిగేది అదే. కూలింగ్ కాయిల్ మీదుగా గాలి పోక దాని మీద మంచు పేరుకుంటుంది, కాసేపటికి బండి మొత్తం చల్లదనం చచ్చిపోతుంది. అందుకని డ్రైవరు పక్కనో, నడవాలోనో రెండు వెంట్లు మూతపడనివి ఉంచండి.

పడక విషయంలో, తల ఏ కిటికీ వైపు పెట్టుకోవాలో ముందే తేల్చండి. ఆ వైపు వెంట్లను మూసి, కాళ్లవైపు వెంట్లను ఎదుటి గోడకు తిప్పితే గాలి గోడకు కొట్టి మెల్లబడి మనిషి మీదికి వస్తుంది. పడక పరిచినప్పుడు మిగిలిన మెత్తలు, దుప్పట్లు ఎక్కడ పెడుతున్నారో కూడా చూడండి. బ్లోవర్ బండిలోని గాలినే మళ్లీ గుంజుకుని చల్లబరుస్తుంది. ఆ గుంజుకునే జాలీ ముందు దిండ్ల కుప్ప పెడితే కొత్త వెంట్లు ఎన్ని పెట్టినా దండగే.

మనిషి ఎటు తిరిగితే గాలి అటే తిరిగే ఏర్పాటు సీటులోనే ఫ్యాన్లు పెట్టడం. 1997లో వచ్చిన సాబ్ 9-5 కారు సీట్లలో ఈ ఏర్పాటు ఉండేది. ఇప్పుడు మన దగ్గర అమ్మే కార్లలోనూ వస్తున్నది. సీటు తిరిగినా మడిచినా వెంట రావలసింది కరెంటు తీగలే కాబట్టి డక్టు బాధ లేదు. అయితే అవి సాధారణంగా బండిలోని గాలినే వీపుకు అందిస్తాయి, తాముగా చల్లబరచవు. నడి ఎండలో గంటసేపు ఆగిన బండి ఎక్కగానే వాటిని వేస్తే వీపుకు వడగాడ్పే తగులుతుంది. కిరాయి బండికి నేనైతే వాటి జోలికి పోను. పిల్లలు నీళ్లు ఒలకబోస్తారు.

సీట్ల మార్పును రవాణా శాఖ ఆమోదంతో ఆర్సీలో ఎక్కించుకున్నారా లేదా మీరు రాయలేదు. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ఈ మార్పుల గురించినదే. కప్పుకు రంధ్రాలు కొట్టించే ముందే ఆ పని ముగించుకోండి. బండి నడుస్తుండగా సీటు తిప్పనివ్వకండి.

ప్రశ్న: ఏడు సీట్ల కారులో మహబూబ్‌నగర్ నుంచి శ్రీశైలం పోయినప్పుడల్లా మన్ననూరు రాకముందే అందరికీ తలనొప్పి, పిల్లలకు నిద్రమత్తు. ఏసీ బాగా చల్లగానే ఉంటుంది. దుమ్ము రావద్దని లోపలి గాలి బటన్‌ను ఎప్పుడూ వేసే ఉంచుతాము. – ఒక ఉపాధ్యాయురాలు, మహబూబ్‌నగర్

జవాబు: అమ్మా, ఆ బటన్‌నే ముందు అనుమానించండి. ఊరికే కూర్చున్న పెద్దమనిషి గంటకు సుమారు 18 లీటర్ల కార్బన్ డయాక్సైడు వదులుతాడు. ఏడుగురిని పెద్దవాళ్లుగానే లెక్కవేస్తే 126 లీటర్లు. కారు లోపలి చోటు 4,000 లీటర్లనుకుంటే, బయటి గాలి చుక్కైనా రాని పక్షంలో నిమిషానికి 500 పీపీఎమ్‌కు (పది లక్షల భాగాల గాలిలో 500 భాగాలకు) పైగా పెరుగుతుంది. బయటి గాలిలో ఉండేది మొత్తం 420 పీపీఎమ్ చిల్లరే. నడిచే బండిలో సందులనుంచి కొంత గాలి వస్తుంది, పిల్లలు వదిలేదీ తక్కువే, కాబట్టి నిజంగా అంత వేగంగా పెరగదు. అయినా అరగంటలో తల బరువెక్కడానికి అది చాలు. మత్తు డ్రైవరుకు కూడా వస్తుందన్నది మరవకండి.

ఎండలో నిలిపిన బండిని చల్లబరిచేటప్పుడు, పొగ వదిలే లారీ వెనక చిక్కినప్పుడు, మట్టిరోడ్డు మీద ఆ బటన్ వేయండి. మిగతా దారంతా బయటి గాలి రానివ్వండి. చల్లదనం కొంచెం తగ్గుతుంది, అంతే. నల్లమలలో ఏసీ కట్టేసి అద్దాలు దించితే ఇంకా మేలు, అయితే కోతులు ఉన్నచోట ఎక్కించుకోండి.

వెనక వరుసను మడిచి సామాను నింపే అలవాటు ఉంటే ఒకటి గమనించండి. లోనికి వచ్చిన గాలి బయటికి పోవడానికి కారు వెనక భాగంలో, పక్క అట్టల వెనక, ఒకవైపే తెరుచుకునే రబ్బరు రెక్కలు ఉంటాయి. బ్యాగులను అట్టలకు ఒత్తి పేరిస్తే ఆ దారి మూసుకుపోతుంది, గాలి బయటికి పోలేని బండిలోకి కొత్త గాలి కూడా రాదు. సామానుకూ పక్క అట్టకూ మధ్య నాలుగు వేళ్ల సందు వదలండి.

ప్రశ్న: పెద్దగట్టు జాతరకు ఊరివాళ్లందరం ఏసీ లేని జీపు లాంటి బండిలో పోతాము. వెనక ఎదురెదురు బల్లలు. పిల్లలు ఎక్కువైతే ఒక బల్ల మడిచి కింద కూర్చుంటారు. గాలి కోసం వెనక తలుపు తెరిచి కట్టేస్తాము. తప్పా? – సూర్యాపేట నుంచి ఒక పాఠకుడు

జవాబు: చాలా తప్పు. పిల్లలు జారిపడే ప్రమాదం ఒకటైతే, కంటికి కనిపించనిది ఇంకొకటి. నడిచే బండి వెనక గాలి ఒత్తిడి తగ్గి, సైలెన్సర్ వదిలిన పొగ తెరిచిన తలుపులోంచి లోనికే గుంజుకు వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే రెండువందల రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. కింద కూర్చున్న పిల్లలు ఆ పొగకు అందరికంటే దగ్గరగా ఉంటారు.

వెనక తలుపు మూసి, ముందు ఎడమ అద్దం కొంచెం, వెనక కుడి అద్దం ఎక్కువగా తెరవండి. గాలి మూలనుంచి మూలకు పారుతుంది. కప్పు మీద తెరిచే మూత ఉంటే దాన్ని వాడుకోవడం నేర్చుకోండి: ముందంచు లేపితే బయటి గాలి లోనికి దూసుకొస్తుంది, వెనకంచు లేపితే లోపలి ఉక్క బయటికి పోతుంది. జాతరలో ఆగినప్పుడు ఇంజను నడిపిస్తూ బండిలో ఎవరినీ పడుకోనివ్వకండి.

ప్రశ్న: మా నాయన కొన్న అంబాసిడర్ ఇప్పటికీ ఇంటి ముందు ఉన్నది. దాని ముందు తలుపుల్లో త్రికోణపు చిన్న అద్దాలు తిప్పితే ఏసీ అక్కరలేనంత గాలి వచ్చేది. అటువంటివి ఇప్పటి బండ్లలో ఎందుకు పెట్టరు? – వనపర్తి పాఠకుడు

జవాబు: ఆ అద్దాన్ని కొంచెం తెరిస్తే లోపలి గాలిని బయటికి గుంజేది, ఇంకా తిప్పితే గాలిని నేరుగా ఒళ్లోకి విసిరేది. చేత్తో వేలెడంత కదిపితే సరిపోయే ఇంత సులువైన అదుపు మళ్లీ రాలేదని నేనూ ఒప్పుకుంటాను. కానీ వేగం పెరిగితే అది మోత చేస్తుంది, వానకు కారుతుంది, దొంగ చెయ్యి దూర్చడానికీ అనువు. 1964లో ఫోర్డు కంపెనీ కార్టినా కారులో ముందు డ్యాష్‌బోర్డు చివర్ల తిప్పుకునే గుండ్రటి వెంట్లను, కప్పును మోసే వెనక స్తంభాల్లో గాలి బయటికి పోయే చీలికలను పెట్టి, అద్దాలు దించకుండానే గాలి ఆడే ఏర్పాటు చేసింది. ఆ పద్ధతి పాకిన కొద్దీ త్రికోణపు అద్దాలు కనుమరుగయ్యాయి.

మీ కారు అద్దం కీలుకు ఏడాదికోసారి చిటికెడు గ్రీజు పెట్టండి. దాని చుట్టూ ఉన్న రబ్బరుకు మాత్రం ఇంజనాయిలు తగలనివ్వకండి. రబ్బరు ఉబ్బిపోయి అద్దం తిరగకుండా పట్టేస్తుంది.